తెలుగు గ్రంథసేకరణల లెక్కింపులో బార్‌కోడ్ వ్యవస్థ: సాఫ్ట్‌వేర్, లేబుల్ ప్రింటర్, స్కానర్ల ఎంపిక క్రమం

వ్యాససంగ్రహం:

గ్రంథాలయంలోని పుస్తకాల లెక్కను కంప్యూటరుకు అప్పగించేటప్పుడు బార్‌కోడ్ స్కానర్, లేబుల్ ప్రింటర్, సాఫ్ట్‌వేర్ అనే మూడింటిని ఎంచుకోవలసి ఉంటుంది. బార్‌కోడ్ ఒక సంఖ్యకు గీతల రూపం మాత్రమే. పుస్తకం దొరకడం, దొరకకపోవడం ఆ సంఖ్యకు ఎదురుగా నమోదైన వివరాల మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఎంపిక సంఖ్యావిధానంతో మొదలై, సాఫ్ట్‌వేర్, లేబుల్, ప్రింటర్ల మీదుగా సాగి స్కానర్ దగ్గర ముగియాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పుస్తకాల విషయంలో లిపి, వర్ణక్రమం, కూర్పుల భేదం, కలిపి బైండు చేసిన సంపుటాలు తెచ్చిపెట్టే ప్రత్యేక సమస్యలను సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: గ్రంథాలయం, బార్‌కోడ్, యాక్సెషన్ నంబరు, స్టాక్ వెరిఫికేషన్, యూనికోడ్, కోహా, లేబుల్ ప్రింటర్, స్కానర్.

1. ఉపోద్ఘాతం:

పరిశోధక విద్యార్థి గ్రంథాలయానికి వచ్చి ఒక పుస్తకం ఉందా అని అడిగినప్పుడు వినిపించే "లేదు" అనే సమాధానానికి మూడు అర్థాలు ఉండవచ్చు. ఆ పుస్తకాన్ని గ్రంథాలయం ఎన్నడూ సేకరించలేదన్నది మొదటిది. సేకరించింది గాని, పోయింది అన్నది రెండోది. పుస్తకం బీరువాలోనే ఉంది, జాబితాలో మాత్రం కనిపించడం లేదన్నది మూడోది. మొదటి రెండింటిలో లోటు ఎక్కడ ఉందో తెలుస్తుంది. మూడోదానిలో లోటు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పుస్తకం ఉన్నచోటే ఉండి పరిశోధనకు అందకుండా పోతుంది.

తెలుగు శాఖలున్న కళాశాలల్లో ఈ మూడో స్థితికి అవకాశం ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అచ్చయిన శతకాలు, నాటకాలు, పత్రికల సంపుటాలు, విశ్రాంత అధ్యాపకులు విరాళంగా ఇచ్చిన సొంత పుస్తకాలు అనేక గ్రంథాలయాల్లో ఉన్నాయి. వీటిలో పునర్ముద్రణకు నోచుకోనివి కూడా ఉంటాయి. ఒక్క ప్రతి జాబితాకు ఎక్కకపోతే ఆ ప్రాంతపు పరిశోధకులకు ఆ గ్రంథమే లేనట్టు లెక్క.

పుస్తకాల లెక్క చూడడం గ్రంథపాలకుల ఇష్టాయిష్టాలకు వదిలిన పని కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తించే సాధారణ ఆర్థిక నియమావళి - 2017లోని 215వ నియమం ప్రకారం 20,000 సంపుటాలకు మించని గ్రంథాలయాలు ప్రతి సంవత్సరం పూర్తిగా లెక్క చూడాలి. 20,000 నుంచి 50,000 వరకు ఉన్నవి కనీసం మూడేళ్లకొకసారి చూడాలి. 50,000 దాటినవి మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా లెక్క చూస్తే సరిపోతుంది. ఏడాదిలో పాఠకులు వాడుకున్న ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోతే, అది అశ్రద్ధ వల్ల గాని, నిజాయితీ లోపం వల్ల గాని జరగనంతవరకు సహజ నష్టంగా పరిగణించవచ్చు. అయితే వెయ్యి రూపాయలకు మించిన విలువ గల పుస్తకం పోయినా, విలువతో నిమిత్తం లేకుండా అరుదైన పుస్తకం పోయినా విచారణ తప్పదు. జాబితా సరిగా లేని చోట బీరువాలో ఉన్న పుస్తకం కూడా ఈ నష్టాల పద్దులోకి చేరుతుంది.

ఈ పని కోసమే కళాశాలలు బార్‌కోడ్ పరికరాలను సమకూర్చుకుంటున్నాయి. కొటేషన్లు పిలవడానికి, బిల్లు పెట్టడానికి వీలైన వస్తువులు కాబట్టి స్కానర్, ప్రింటర్ ముందు వస్తాయి. సాఫ్ట్‌వేర్ గురించిన ఆలోచన తర్వాత వస్తుంది. సంఖ్యలు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న లేబుళ్లు అచ్చువేసే రోజున ఎదురవుతుంది. ఈ క్రమం తలకిందులైనదని చూపడానికి ముందు బార్‌కోడ్ అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి.

2. బార్‌కోడ్ స్వభావం:

నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు అమెరికన్లకు 1952లో బార్‌కోడ్ ఆలోచన మీద పేటెంట్ లభించింది. అంగడి సరుకు మీది సార్వత్రిక ఉత్పత్తి సంకేతాన్ని మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో. ఆ సరుకు ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు. దాని మీది గీతల్లో సరుకు పేరు గాని, ధర గాని లేవు. ఒక సంఖ్య మాత్రమే ఉంది. పేరు, ధర దుకాణపు కంప్యూటరులో ఉన్నాయి. నేటికీ బార్‌కోడ్ స్వభావం ఇదే.

పుస్తకం అట్ట మీద ప్రచురణకర్త ముద్రించిన ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్ ఉంటుంది కదా, గ్రంథాలయం మరో లేబుల్ ఎందుకు అతికించాలి అన్న సందేహం సహజం. ఐఎస్‌బీఎన్ ఒక కూర్పును గుర్తిస్తుంది, ప్రతిని గుర్తించదు. ఒకే నవల ప్రతులు పది కొంటే పదింటి మీదా ఒకే సంఖ్య ఉంటుంది. వాటిలో ఏ ప్రతి ఏ విద్యార్థి దగ్గర ఉందో దాని ద్వారా తెలియదు. పైగా ఐఎస్‌బీఎన్ విధానం రాకముందు అచ్చయిన తెలుగు పుస్తకాలకు ఆ సంఖ్య ఉండదు. తర్వాత అచ్చయిన వాటిలోనూ, ముఖ్యంగా రచయితలే ప్రచురించుకున్న వాటిలో, అది లేనివి కనిపిస్తాయి. కాబట్టి ప్రతి భౌతిక సంపుటానికి గ్రంథాలయం తన సొంత సంఖ్యను ఇవ్వక తప్పదు.

బార్‌కోడ్ సంఖ్య, కాల్ నంబరు ఒకటి కావు. డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యాన్ని సూచించే 894.827 వంటి సంఖ్య పుస్తకం ఏ వరుసలో ఉండాలో చెబుతుంది. బార్‌కోడ్ అది ఏ ప్రతియో చెబుతుంది. వర్గీకరణను సవరించినప్పుడు కాల్ నంబరు మారవచ్చు. బార్‌కోడ్ సంఖ్య మాత్రం పుస్తకం ఉన్నంతకాలం మారకూడదు. పుస్తకాన్ని తొలగించిన తర్వాత కూడా ఆ సంఖ్యను మరొకదానికి ఇవ్వకూడదు.

3. సంఖ్యావిధానం:

యాక్సెషన్ నంబరునే బార్‌కోడ్ సంఖ్యగా వాడడం సులభమైన మార్గం. ఇందులో ఒక చిక్కు ఉంది. సాధారణ నిధులతో కొన్న పుస్తకాలకు ఒకటి, యూజీసీ నిధులతో కొన్నవాటికి ఒకటి, విరాళాలకు ఒకటి, బుక్ బ్యాంకుకు ఒకటి చొప్పున వేర్వేరు యాక్సెషన్ రిజిస్టర్లు నడిపిన కళాశాలలు ఉన్నాయి. ప్రతి రిజిస్టరూ ఒకటితోనే మొదలవుతుంది. అప్పుడు 1523 అనే నంబరు గల పుస్తకాలు నాలుగు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఒక సంఖ్యను ఒక ప్రతికే అనుమతిస్తుంది కాబట్టి మిగిలిన మూడూ తిరస్కరణకు గురవుతాయి, లేదా సిబ్బంది అప్పటికప్పుడు తోచిన గుర్తు చేర్చి నమోదు చేస్తారు.

దీనికి పరిష్కారం రిజిస్టరుకు ఒక రెండంకెల గుర్తు ఇచ్చి, దాని తర్వాత యాక్సెషన్ నంబరును ఆరంకెలలో రాయడం. సాధారణ రిజిస్టరుకు 11, యూజీసీకి 12, విరాళాలకు 13, బుక్ బ్యాంకుకు 14 అనుకుంటే విరాళాల రిజిస్టరులోని 1523వ పుస్తకం 13001523 అవుతుంది. పాత రిజిస్టరులోని నంబరు చెక్కుచెదరకుండా అందులోనే ఉంటుంది. గుర్తును 01 అని కాక 11 అని మొదలుపెట్టడానికి కారణం ఉంది. సున్నాతో మొదలయ్యే సంఖ్యను ఎక్సెల్ వంటి పట్టికల్లో నమోదు చేసినప్పుడు, ఆ గడిని అక్షరరూపంగా ముందే నిర్దేశించకపోతే మొదటి సున్నా మాయమవుతుంది. లేబుల్ మీద ఎనిమిది అంకెలు, జాబితాలో ఏడంకెలు ఉంటే రెండూ కలవవు.

రిజిస్టరు గుర్తుగా రోమన్ అక్షరాలు వాడకపోవడానికీ తెలుగు గ్రంథాలయాలకు ప్రత్యేకించిన కారణం ఒకటి ఉంది. యూఎస్‌బీ స్కానర్లు సాధారణంగా కంప్యూటరుకు కీబోర్డుగానే పరిచయమవుతాయి. గీతలను చదివి, ఏ మీటలు నొక్కాలో ఆ మీటలు నొక్కినట్టు సంకేతం పంపుతాయి. తెలుగు పుస్తకాల వివరాలు టైపు చేసేవారు కీబోర్డును ఇన్‌స్క్రిప్ట్ తెలుగు అమరికలో ఉంచి అదే స్థితిలో స్కాన్ చేస్తే, తెలుగు విభాగానికి గుర్తుగా పెట్టుకున్న టీ, ఈ, ఎల్ అనే మూడు రోమన్ పెద్దక్షరాలు తెర మీద "ఊఆథ" అని ప్రత్యక్షమవుతాయి. స్కానర్ సరిగానే చదివింది, లేబుల్ సరిగానే ఉంది. తప్పు రెండింటి మధ్య జరిగింది. కొన్ని అమరికలలో అంకెలు సైతం తెలుగు అంకెలుగా మారవచ్చు. అందువల్ల సంఖ్యలో అంకెలే ఉండాలి, స్కాన్ చేసే కంప్యూటరులో కీబోర్డు ఇంగ్లీషు అమరికలో ఉండాలి.

4. సాఫ్ట్‌వేర్ ఎంపిక:

4.1. లిపి:

తెలుగు పుస్తకం పేరును రోమన్ లిపిలో మాత్రమే నమోదు చేయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. "కన్యాశుల్కం" అన్న ఒక్క పేరులోనే శకారానికి హెచ్ చేర్చాలా వద్దా, చివర సున్నతో ఆపాలా "ము" అని ముగించాలా, దీర్ఘాన్ని ఒక ఏతో రాయాలా రెండింటితో రాయాలా అన్న ప్రశ్నలు వస్తాయి. మూడు చోట్ల రెండేసి మార్గాలుంటే ఎనిమిది రూపాలు ఏర్పడతాయి. నమోదు చేసినవారు ఏది రాశారో వెతికేవారికి తెలియదు. ఐఎస్ఓ 15919 వంటి ప్రామాణిక లిప్యంతరీకరణ ఉన్నా, దాని అక్షరాల మీది గుర్తులను పాఠకులు టైపు చేయరు.

అందువల్ల సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిని యూనికోడ్‌లో స్వీకరించాలి. తెలుగు లిపి 1991 నాటి యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచీ అందులో ఉంది. తెర మీద తెలుగు కనిపించడం ఒక్కటే యూనికోడ్ అనడానికి సాక్ష్యం కాదు. పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేసిన జాబితాలు చూపుకు తెలుగే అయినా లోపల రోమన్ సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని గుర్తులుగా మారతాయి. అటువంటి జాబితా ఉన్నవారు దానిని ముందు యూనికోడ్‌లోకి మార్చి, అక్షరదోషాలు సరిచూసి, అప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి.

గ్రంథ వివరాల నమోదుకు వాడే మార్క్ 21 ప్రమాణంలో 880 అనే ఫీల్డు ఉంది. ఒకే శీర్షికను రెండు లిపుల్లో రాసి జతపరచడానికి అది ఉపయోగపడుతుంది. తెలుగు లిపిలో ప్రధాన నమోదు, దానికి రోమన్ రూపం జత ఉంటే ఇతర రాష్ట్రాల, విదేశాల పరిశోధకులకూ పుస్తకం అందుతుంది. ఎంచుకొనే సాఫ్ట్‌వేర్ ఈ ప్రమాణాన్ని పాటించాలి, మొత్తం వివరాలను ఆ రూపంలో బయటికి తీసుకొనే వీలు కల్పించాలి. ఆ వీలు లేకపోతే భవిష్యత్తులో సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఏళ్ల తరబడి చేసిన నమోదు మళ్లీ మొదటికి వస్తుంది.

4.2. వెతుకులాట, వర్ణక్రమం:

తెలుగులో సమాసాలను కలిపి రాయడం, విడదీసి రాయడం రెండూ ఉన్నాయి. "రాజశేఖరచరిత్రము" అని కలిపి రాసిన పేరును "రాజశేఖర చరిత్రం" అని విడదీసి వెతికితే దొరకాలి. అదే నవలకు "వివేకచంద్రిక" అన్న పేరు కూడా ఉంది. ఆ పేరుతో వెతికినా దొరకాలి. సాఫ్ట్‌వేర్ ఈ సమానత్వాన్ని తనంతట తాను గుర్తించదు. మారురూపాలను రాయడానికి మార్క్ 21లో 246వ ఫీల్డు ఉంది. దానిని నింపడం గ్రంథపాలకుల, తెలుగు అధ్యాపకుల ఉమ్మడి పని.

కర్తల పేర్లదీ ఇదే సమస్య. "గుఱ్ఱం జాషువ", "గుర్రం జాషువా" అన్న రెండు రూపాలూ ముఖపత్రాల మీద కనిపిస్తాయి. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒకరే అని విద్యార్థికి తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ప్రామాణిక నామాన్ని నిర్ణయించి మిగిలిన రూపాలను దానికి ముడిపెట్టే అధికారిక నామపట్టిక సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

అకారాది క్రమాన్ని కూడా పరీక్షించాలి. యూనికోడ్ పట్టికలో ఱ అక్షరం ర తర్వాత, ళ అక్షరం ల తర్వాత ఉన్నాయి. సంప్రదాయ వర్ణమాలలో ఈ రెండూ చివరి వరుసకు చెందినవి. సున్న యూనికోడ్ పట్టికలో అచ్చులకన్నా ముందుంది. సంకేతాల వరుసనే యథాతథంగా పాటించే సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాబితా తెలుగు నిఘంటువుల క్రమంతో కలవదు. కోహా సాఫ్ట్‌వేర్ జీబ్రా సూచికతో నడుస్తున్నట్లయితే దానిని ఐసీయూ పద్ధతికి మార్చుకోవడం తెలుగు వంటి లిపులకు అవసరం. దీన్ని ఏర్పాటు సమయంలోనే సాంకేతిక నిపుణులకు చెప్పాలి.

4.3. కూర్పులు:

గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" నాటకపు మొదటి కూర్పు 1897లో, రెండో కూర్పు 1909లో వెలువడ్డాయి. రెండోది మొదటిదానికి పునర్ముద్రణ కాదు. రచయిత నాటకాన్ని ఎంతో విస్తరించి తిరగరాశారు. రెండింటి పాఠాలకు వచ్చిన పునర్ముద్రణలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. నమోదులో కూర్పు వివరం రాయకపోతే కంప్యూటరు జాబితాలో ఇవి ఒకే పేరు, ఒకే కర్త గల రెండు ప్రతులుగా కనిపిస్తాయి. చోటు చాలక అదనపు ప్రతులను తొలగించే సమయంలో వాటిలో ఒకటి బయటికి వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత పాఠపరిష్కరణ మీద పని చేసే విద్యార్థికి ఆ గ్రంథాలయంలో పోల్చి చూడడానికి రెండో పాఠం ఉండదు. బార్‌కోడ్ లేబుళ్లు రెండింటి మీదా సక్రమంగా ఉండవచ్చు, స్కానర్ రెండింటినీ తప్పు లేకుండా చదవవచ్చు. నష్టాన్ని అవి ఆపలేవు. మార్క్ 21లోని 250వ ఫీల్డులో రాసిన ఒక పంక్తి ఆపగలదు.

4.4. సంపుటాలు:

చిన్న శతకాలను, కరపత్రాలను నాలుగైదు చొప్పున కలిపి ఒకే అట్టలో బైండు చేయించే పద్ధతి పాత గ్రంథాలయాల్లో ఉంది. సంపుటం ఒకటే కాబట్టి బార్‌కోడ్ ఒకటే. లోపలి గ్రంథాలు ఐదు కాబట్టి వివరాల నమోదులు ఐదు ఉండాలి. ఒకే సంపుటానికి అనేక నమోదులను ముడిపెట్టే వీలు సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే మొదటి శతకం పేరు మాత్రమే జాబితాకు ఎక్కి, మిగిలిన నాలుగూ అట్ట లోపలే ఉండిపోతాయి. పత్రికల సంపుటాలకు దీనికి భిన్నమైన జాగ్రత్త కావాలి. 1924లో మొదలైన "భారతి" మాసపత్రిక సంపుటానికి ఒక బార్‌కోడ్ చాలు. కాని అందులో ఏయే నెలల సంచికలు ఉన్నాయో, ఏవి లేవో ఆ సంఖ్యకు ఎదురుగా రాయాలి.

4.5. అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్లు:

కోహా న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయ సంస్థ కోసం 1999లో రూపొంది, 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్‌కు ధర లేకపోయినా సర్వరుకు, ఏర్పాటుకు, నిర్వహణకు ఖర్చు ఉంటుంది. హైదరాబాదులో తయారైన న్యూజెన్‌లిబ్ 2008లో ఓపెన్ సోర్సుగా మారింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం విశ్వవిద్యాలయాలు, కళాశాలల కోసం సోల్‌ను, జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం ప్రధానంగా ప్రభుత్వ గ్రంథాలయాల కోసం ఇ-గ్రంథాలయను రూపొందించాయి.

వీటిలో ఏది మేలైనదో ఏకవాక్యంలో తేల్చడం సరికాదు. కళాశాలలో సర్వరు చూసుకొనే మనిషి ఉన్నారా, ఇంటర్నెట్ నిలకడగా ఉందా, సమీప కళాశాలలు ఏది వాడుతున్నాయి అన్నవి నిర్ణయాన్ని ప్రభావితం చేస్తాయి. అంగడి సరుకు లెక్కకు ఉద్దేశించిన సాధారణ ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్ మాత్రం గ్రంథాలయానికి సరిపోదు. దానికి నిల్వ ఎంత ఉందన్నది ముఖ్యం. ఒకే రకం సబ్బులు పది ఉంటే ఏది ఏదైనా ఒకటే. గ్రంథాలయంలో ఏ ప్రతి అన్నదే ముఖ్యం.

5. లేబుల్, ప్రింటర్:

గ్రంథాలయాల్లో ఎక్కువగా వాడే గీతల సంకేతాలు రెండు, కోడ్ 39, కోడ్ 128. కోడ్ 39లో ఒక్కో అక్షరానికి తొమ్మిది గీతలు, ఖాళీలు ఉంటాయి. వాటిలో మూడు వెడల్పైనవి. కోడ్ 128లోని సి విభాగం రెండంకెలను కలిపి ఒకే గుర్తుగా కూర్చుతుంది. పైగా చదివినది సరైనదో కాదో తేల్చే తనిఖీ గుర్తు అందులో తప్పనిసరి. కోడ్ 39లో అది ఐచ్ఛికం.

పైన చెప్పిన 13001523 అనే ఎనిమిదంకెల సంఖ్యనే తీసుకుంటే తేడా తెలుస్తుంది. అతి సన్నని గీత వెడల్పు 0.25 మిల్లీమీటర్లు అనుకుందాం. కోడ్ 128లో ప్రారంభ గుర్తుకు 11, నాలుగు జతల అంకెలకు 44, తనిఖీ గుర్తుకు 11, ముగింపుకు 13 కలిపి 79 ప్రమాణాలు. అంటే 19.75 మిల్లీమీటర్లు. రెండు వైపులా పదేసి ప్రమాణాల ఖాళీ స్థలం చేర్చితే 24.75 మిల్లీమీటర్లు. కోడ్ 39లో ముందువెనుక గుర్తులతో కలిపి పది అక్షరాలు. వెడల్పు గీత సన్నగీతకు మూడు రెట్లు ఉంటే 159 ప్రమాణాలు, ఖాళీతో కలిపి 44.75 మిల్లీమీటర్లు. ఏ4 కాగితానికి 65 వచ్చే స్టిక్కరు వెడల్పు 38.1 మిల్లీమీటర్లు. కోడ్ 128 అందులో హాయిగా ఇముడుతుంది. కోడ్ 39 ఇమడదు. ఇమిడించడానికి గీతలను కుదిస్తే చదవడం కష్టమవుతుంది. లేబుల్ పరిమాణం, సంఖ్య పొడవు, సంకేతం మూడింటినీ కలిపి నిర్ణయించవలసి రావడానికి కారణం ఇదే.

క్యూఆర్ కోడ్‌లో పుస్తకం పేరు, కర్త పేరు తెలుగులోనే ఇమడ్చవచ్చు కదా అన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో పుట్టిన క్యూఆర్ కోడ్‌కు ఆ శక్తి ఉంది. అయితే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. "కన్యాశుల్కం" అన్న పేరులో వత్తులు, గుణింతాలు, సున్న కలిపి 11 సంకేతాలు ఉన్నాయి, అంటే 33 బైట్లు. స్థలం కన్నా పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. లేబుల్ మీద అచ్చయిన పేరులో తప్పుంటే పుస్తకం తెరిచి లేబుల్ మార్చాలి. సాఫ్ట్‌వేర్‌లోని తప్పును ఒకచోట సరిదిద్దితే చాలు. క్యూఆర్ వాడినా అందులో ఉండవలసింది సంఖ్యే.

ప్రింటర్లలో మూడు మార్గాలున్నాయి. కార్యాలయంలో ఉన్న లేజర్ ప్రింటరుతో ఏ4 స్టిక్కరు కాగితాల మీద అచ్చువేయడం మొదటిది. పాత పుస్తకాలన్నింటికీ ఒకేసారి లేబుళ్లు వేసుకొనే కళాశాలకు ఇది చాలు. కాగితం ఏమాత్రం పక్కకు జరిగినా గీతలు స్టిక్కరు అంచున పడతాయి కాబట్టి ముందు మామూలు కాగితం మీద అచ్చువేసి చూసుకోవాలి. రెండోది డైరెక్ట్ థర్మల్ పద్ధతి. వేడికి నల్లబడే కాగితం మీద రిబ్బన్ లేకుండా అచ్చవుతుంది. దుకాణం రసీదుల్లాగే ఇది ఎండకు, వేడికి, కాలానికి వెలిసిపోతుంది. పుస్తకానికి పనికిరాదు. మూడోది థర్మల్ ట్రాన్స్‌ఫర్. వేడి రిబ్బన్ మీది మసిని లేబుల్ మీదికి దించుతుంది. మైనం రిబ్బన్ చవక గాని రాపిడికి చెరుగుతుంది, రెసిన్ రిబ్బన్ గట్టిది. మైనం, రెసిన్ కలిసిన రిబ్బన్ కాగితపు లేబుళ్లకు అనువైన మధ్యేమార్గం. 203 డీపీఐ ప్రింటరులో మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు కాబట్టి 0.25 మిల్లీమీటర్ల గీత సరిగ్గా రెండు చుక్కలవుతుంది. సంకేతపు గీత మట్టుకైతే ఈ ప్రింటరే చాలు. లేబుల్ మీద కళాశాల పేరు తెలుగులో చిన్న అక్షరాలతో రావాలంటే వత్తులు కలిసిపోకుండా 300 డీపీఐ మేలు. ప్రింటరు సొంత ఫాంట్లలో తెలుగు లేని చోట పేరును బొమ్మ రూపంలో పంపవలసి ఉంటుంది. సంఖ్యను గీతల కింద అంకెలలో కూడా అచ్చువేయాలి. గీతలు చెడినప్పుడు మనిషి చదివి టైపు చేయడానికి అదే ఆధారం.

లేబుల్‌ను గుండ్రటి వెన్ను మీద అతికిస్తే గీతలు వంగి చదవడం కష్టమవుతుంది. ముఖపత్రం వెనుకనో, అట్ట లోపలో, అన్ని పుస్తకాలకూ ఒకే చోట అతికించాలి. పాతబడి పెళుసుబారిన కాగితం మీద మాత్రం జిగురు లేబుల్ అతికించకూడదు. అటువంటి పుస్తకానికి ఆమ్లరహిత కాగితపు పట్టీ మీద లేబుల్ అతికించి లోపల ఉంచాలి, లేదా భద్రపరిచిన పెట్టె మీద అతికించాలి. తాళపత్రాల విషయంలో లేబుల్ పెట్టెకే పరిమితం కావాలి.

6. స్కానర్:

పై నిర్ణయాలన్నీ అయ్యాక స్కానర్ ఎంపిక సులభం. లేజర్ స్కానర్ గీతల సంకేతాలను మాత్రమే చదువుతుంది. ఫోన్ తెర మీది సంకేతాలను చదవడం దానికి కష్టం. ఇమేజర్ రకంలో గీతలనే చదివేవి, క్యూఆర్ కూడా చదివేవి అని రెండు విధాలు. విద్యార్థుల గుర్తింపు సంకేతాన్ని ఫోనులో చూపే పద్ధతి ఉన్న కళాశాలకు రెండో విధం ఇమేజర్ కావాలి. ఇచ్చిపుచ్చుకొనే బల్ల దగ్గర తీగ ఉన్న స్కానర్ చాలు. స్టాక్ వెరిఫికేషన్‌కు బీరువాల మధ్య తిరగాలి కాబట్టి తీగ లేనిదైనా, చదివిన సంఖ్యలను తనలోనే దాచుకొని తర్వాత కంప్యూటరుకు అందించేదైనా అనువుగా ఉంటుంది. కోహాలో ఈ సంఖ్యల ఫైలును ఇన్వెంటరీ విభాగానికి అందిస్తే, ఉండవలసినవి, కనిపించనివి, వేరే చోట ఉన్నవి ఏవో తేలుతుంది. స్కానర్ ఎర్రటి కాంతితో చదువుతుంటే ఎర్రటి సిరాతో అచ్చువేసిన గీతలు దానికి కనిపించవు. లేబుల్ మీద మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్నా కాంతి చెదిరి చదవకపోవచ్చు.

7. కొనుగోలుకు ముందు చేయవలసిన పరీక్ష:

ఆర్డరు ఇవ్వడానికి ముందు గ్రంథాలయంలోని ఇరవై పుస్తకాలతో ఒక నమూనా పరీక్ష జరపడం మంచిది. సులభమైనవి కాక కష్టమైనవే ఎంచుకోవాలి.

1. ఐఎస్‌బీఎన్ లేని పాత పుస్తకం, ఒకే గ్రంథపు రెండు కూర్పులు, కలిపి బైండు చేసిన సంపుటం, సంచికలు తప్పిపోయిన పత్రికా సంపుటం, రెండు రిజిస్టర్లలో ఒకే నంబరు గల పుస్తకాలు వీటిలో ఉండాలి.

2. ఇరవైనీ తెలుగు లిపిలో నమోదు చేసి, కలిపి రాసిన రూపంతోను, విడదీసి రాసిన రూపంతోను వెతకాలి.

3. వివరాలను మార్క్ 21లోనూ, యూటీఎఫ్-8 పట్టికగానూ బయటికి తీసి మరో కంప్యూటరులో తెరవాలి. తెలుగు స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తే లోపం ఎక్కడుందో తేల్చుకున్నాకే ముందుకు పోవాలి.

4. బ్యాకప్ నుంచి మొత్తం సమాచారాన్ని తిరిగి నిలిపి చూడాలి.

5. లేబుళ్లు అచ్చువేసి, వేలితో గట్టిగా రుద్ది, కొన్ని రోజులు వెలుతురులో ఉంచి, ఆ తర్వాత స్కాన్ చేయాలి.

6. కీబోర్డును తెలుగు అమరికలో ఉంచి ఒకసారి, ఇంగ్లీషు అమరికలో ఉంచి ఒకసారి స్కాన్ చేసి ఫలితాలు పోల్చాలి.

ఈ పరీక్షకు స్కానర్ ఒకటి, సాఫ్ట్‌వేర్ నమూనా ఒకటి ఉంటే చాలు. ఇందులో బయటపడిన లోపాన్ని ఇరవై పుస్తకాల దగ్గర సరిదిద్దడం ఒక పూట పని. పన్నెండు వేల పుస్తకాలకు లేబుళ్లు అతికించాక సరిదిద్దాలంటే అన్నింటినీ మళ్లీ తెరవాలి.

8. ముగింపు:

సంఖ్యావిధానం, సాఫ్ట్‌వేర్, లేబుల్, ప్రింటర్, స్కానర్ అన్న క్రమంలో వెనుకటి ప్రతి నిర్ణయమూ ముందరి నిర్ణయానికి కట్టుబడి ఉంటుంది. స్కానర్ పాడైతే అదే రోజు మరొకటి తెచ్చుకోవచ్చు. ప్రింటర్ పాడైతే కొత్త లేబుళ్లు కొన్నాళ్లు ఆగుతాయి. సంఖ్యావిధానం తప్పితే లేబుళ్లన్నీ మార్చాలి. పుస్తక వివరాలే తప్పితే ఆ తప్పు ఉన్న సంగతి కూడా చాలాకాలం బయటపడదు. ఏ లోపాన్ని సరిదిద్దడం ఎక్కువ కష్టమో దానికే ఎక్కువ సమయం, ఎక్కువ శ్రద్ధ కేటాయించాలి.

ఈ పనిలో తెలుగు అధ్యాపకులకు, పరిశోధకులకు నిర్దిష్టమైన పాత్ర ఉంది. కూర్పుల భేదం, కలం పేర్లు, గ్రంథాల మారు పేర్లు, బైండు చేసిన సంపుటంలోని శతకాల వివరాలు గుర్తించగలవారు వారే. నమోదు జరిగే నెలల్లో వారు గ్రంథపాలకుల పక్కన కూర్చోవడం పరికరాల ఎంపిక కన్నా తక్కువ అవసరమైనది కాదు. పాత యాక్సెషన్ రిజిస్టర్లను మాత్రం కంప్యూటరీకరణ పూర్తయ్యాక కూడా భద్రపరచాలి. పుస్తకం ఎప్పుడు వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఎంత పెట్టి కొన్నారు అన్న వివరాలతో పాటు, చివరి గడిలో ఒకప్పటి గ్రంథపాలకులు రాసిన చిన్న వ్యాఖ్యలు ఆ రిజిస్టర్లలో ఉంటాయి. కంప్యూటరు జాబితాలో సందేహం వచ్చిన ప్రతిసారీ తెరిచి చూడవలసినవి అవే.